పాటల యాప్ కట్టేవారికి ఎదురీత సలహాలు

ఫోన్లో పాటలు వినిపించే యాప్ చేద్దామని కూర్చున్నవాళ్లకు అందరూ చెప్పే మాటలు మూడు. ముందు స్క్రీన్లు అందంగా గీసుకోండి. పాటలు నెట్ నుంచి రప్పించండి. వినేవారికి ఏది నచ్చుతుందో యాపే కనిపెట్టేలా చేయండి. ఈ మూడింటిలో ఒక్కటీ చేయకండి. స్క్రీన్ల పని ఆఖరికి ఉంచండి, నెట్ జోలికి పోకండి, ఎవరి ఇష్టం వాళ్లకే వదిలేయండి. అలా చేస్తే డబ్బు రాదు, పేరు రాదు అని మిమ్మల్ని భయపెడతారు. రాకపోయినా అలాగే చేయమంటాను.

నా వాదనకు ఆధారం మా బ్రూక్షాబాద్. దక్షిణ అండమాన్‌లో, శ్రీ విజయపురం పక్కన ఉన్న ఊరు. ఆ పట్నం 2024 సెప్టెంబరు దాకా అధికారికంగా పోర్ట్ బ్లెయిర్, జనం నోట ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే. ఆకాశవాణి పోర్ట్ బ్లెయిర్ కేంద్రం షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్‌ను నిలబెట్టింది మా ఊళ్లోనే. 10 కిలోవాట్ల శక్తి, 4760 కిలోహెర్ట్జ్. చెదిరి ఉన్న దీవులకు పాటా వార్తా చేరవేయడానికి పెట్టారు. అది సెట్టు ఎవరిదని అడగలేదు, పేరు నమోదు చేసుకోమనలేదు, మీకు ఏ గాయకులు ఇష్టమో ముందు చెప్పమనలేదు. తిప్పితే పలికింది. పాటల యాప్‌కు కూడా నా కొలబద్ద అదే.

ఇంటర్నెట్ అనుమతి అడగనే అడగకండి

"ఇప్పుడు మీకూ కేబుల్ వచ్చిందిగా" అంటారు. వచ్చింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్‌ను ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల ఫైబర్. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు అది చేరింది. అంతకుముందు మాకు ఉపగ్రహమే దిక్కు. కేబుల్ మా బతుకులు మార్చిందన్నది నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ మనుషులు కేబుల్ పక్కనే కూర్చోరు. జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకు వెళ్లిన పడవ కాస్త దూరం పోగానే సిగ్నల్ పోతుంది. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ ఎక్కితే రేవు కనపడకుండా పోయిన గంటల్లో ఫోన్ మూగబోతుంది, ఆ తర్వాత రాత్రీ పగలూ నీళ్లే. అసలు పాట కావాల్సింది ఓడలో బంకు మీద పడుకున్నప్పుడే. సిగ్నల్ ఉన్నచోట మాత్రమే పాడే యాప్ ఆ మనిషికి ఎందుకు?

నెట్ యాపుల్లోనూ పాటలు దాచుకోవచ్చు కదా అంటే, దాచుకున్నది మన చేతిలో ఉండదు. స్పాటిఫైలో దింపుకున్న పాటలు నిలవాలంటే 30 రోజులకోసారైనా నెట్‌కు రావాలి. పైగా ఆ దుకాణాలు శాశ్వతం కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివరికల్లా మూతపడింది. రెస్సో 2024 జనవరి 31తో మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేసింది. వాటిలో ఏళ్ల తరబడి జనం ఓపిగ్గా పేర్చుకున్న వరసలు ఏమయ్యాయో ఆలోచించండి. మెమరీ కార్డులో ఉన్న ఫైలును ఎవరూ మూసేయలేరు. 128 కిలోబిట్ల ఎంపీ3 నిమిషానికి దాదాపు ఒక మెగాబైటు. 32 జీబీ కార్డులో ఏడు వేల పాటలకు చోటుంటుంది. ఒక మనిషి జీవితానికి అన్ని పాటలు చాలు.

కాబట్టి ఆండ్రాయిడ్ మానిఫెస్ట్‌లో ఇంటర్నెట్ అనుమతి వరసను రాయకండి. రాయకపోతే మీ యాప్ ఎవరి సమాచారాన్నీ బయటికి పంపలేదు, ప్రకటనలు తెచ్చుకోలేదు. మీరు పంపకూడదనుకోవడం వేరు, పంపాలన్నా పంపలేకపోవడం వేరు. నాకు రెండోదే కావాలి. ఇది కలేమీ కాదు, మన దేశంలోనే తయారైన మ్యూజికోలెట్ అనే ప్లేయర్ ఈ అనుమతి లేకుండానే ఏళ్లుగా నడుస్తోంది. ఆండ్రాయిడ్ 13 నుంచి అయితే సంగీతం, ఆడియో ఫైళ్లను చదివే అనుమతి విడిగానే ఉంది. ఫొటోలు, వీడియోల జోలికి పోకుండా అదొక్కటి అడగండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. పాటలు మీరు సరఫరా చేయకండి. మన కాపీరైటు చట్టంలో సౌండ్ రికార్డింగుకు గడువు 60 ఏళ్లు, పాట రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు వారి జీవితకాలం తర్వాత మరో 60 ఏళ్లు. 1957 నాటి రికార్డు గడువు తీరినా, 1974లో కన్నుమూసిన ఘంటసాల బాణీ మీద హక్కు ఇంకా బతికే ఉంది. పాట తెచ్చుకోవడం వినేవారి పని, పలికించడం మీ పని.

ఫోల్డర్లను చెదరగొట్టకండి

ప్లేయర్లు చాలావరకు పాటలను ఆల్బమ్, ఆర్టిస్ట్, జానర్ అని మూడు కుప్పలు పోస్తాయి. మన ఇళ్లలో పాటలు అలా ఉండవు. మొబైల్ షాపులో కార్డు నిండా ఎక్కించుకున్నవి, బంధువు ఇచ్చినవి, పండక్కి ఊరెళ్లినప్పుడు తెచ్చుకున్నవి ఉంటాయి. "అమ్మ", "భక్తి", "పెళ్లి డీజే", "పాత ఫోన్‌వి" అని వాటికి పేర్లు. ఆ ఫోల్డరు పేరులోనే ఆ ఇంటి కథ ఉంది. యాప్ తెరవగానే ఆ ఫోల్డర్లే కనపడాలి, పెట్టినవాళ్లు పెట్టిన వరసలోనే.

వాట్సాప్‌లో వచ్చిన ఆడియోలు పాటల మధ్య దూరుతున్నాయని వాటిని దాచేయమని సలహా ఇస్తారు. దాచకండి. శ్రీకాకుళం నుంచి మేనత్త పాడి పంపిన మంగళహారతి ఆ ఫోల్డర్లోనే ఉంటుంది. అక్కర్లేనివారు ఫోల్డరును తామే పక్కన పెట్టుకునే వీలు కల్పిస్తే చాలు.

తెలుగు పేర్ల మీద నెల ఖర్చుపెట్టండి

మిగతా అన్ని పనులకంటే దీనికే ఎక్కువ సమయం ఇవ్వమంటాను. సాధారణంగా అందరూ దీన్నే చివరికి తోసేస్తారు.

ఎంపీ3 ఫైలులో పాట పేరు, గాయకుల పేరు రాసే ట్యాగులు ఉంటాయి. 1996లో వచ్చిన మొదటి ఐడీ3 పద్ధతిలో ఫైలు చివర 128 బైట్లు, అందులో పాట పేరుకు 30 బైట్లు. ఇంగ్లీషుకు 30 అక్షరాలు సరిపోయాయి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. "శ్రీ" అన్న ఒక్క అక్షరంలో నాలుగు గుర్తులున్నాయి, అంటే పన్నెండు బైట్లు. రెండున్నర "శ్రీ"లకే గది నిండిపోతుంది. అందుకే పాత ఫైళ్లలో తెలుగు పేరు సగంలో తెగి, చివర ప్రశ్నార్థకమో డబ్బాయో కనిపిస్తుంది. తర్వాతి ఐడీ3 రెండో తరం ట్యాగుల్లో యూనికోడ్‌కు చోటుంది. మీ యాప్ ముందు వాటినే చదవాలి, పాత గదిని చివరి దిక్కుగా మాత్రమే చూడాలి. ట్యాగులో డౌన్‌లోడ్ సైటు పేరు ఇరికించి ఉంటే దాన్ని తీసేసి చూపించండి.

ఆ రెండో తరం ట్యాగుల్లో సంగీత దర్శకుడికో గది, గీత రచయితకో గది విడిగా ఉన్నాయి. ప్లేయర్లు చాలావరకు రచయిత గదిని తెరిచి చూడవు. తెలుగువాళ్లు పాటను సిరివెన్నెల పాట, వేటూరి పాట, పింగళి పాట అంటారు. అలాంటప్పుడు రచయిత పేరుతో పాటలు వెతకలేని ప్లేయర్ మనకు సగం ప్లేయరే. సినిమా పేరు, సంగీతం, రచన, గాయకులు, ఈ నాలుగూ సమానంగా కనపడాలి. బాలసుబ్రహ్మణ్యం ఒకే ఫోన్లో నాలుగు రకాల పొట్టి పేర్లతో నలుగురుగా ఉంటారు. ఆ నలుగురినీ ఒకరిగా కలిపే చిన్న పట్టిక మీరే చేత్తో రాయండి. ఘంటసాల, సుశీల, జానకి, ఇళయరాజా అంటూ వందో రెండొందలో పేర్లు. ఇలాంటి పట్టిక కంప్యూటర్‌కు వదిలేయాల్సినది కాదు, పాటలు ఎరిగిన మనిషి కూర్చుని రాయాల్సినది.

ఇక వెతకడం. జనం తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, ఎవరి లెక్క వారిది. "నువ్వు"కు ఒకరు రెండు వీలు వేస్తారు, ఒకరు ఒకటే. తకారానికి ఒకరు టీ ఒక్కటి, ఒకరు టీ హెచ్. దీర్ఘానికి ఒకరు రెండు ఏలు, ఒకరు ఒకటి. పక్కింటి బెంగాలీ అమ్మాయి మనకు తట్టని స్పెల్లింగు కొడుతుంది. దీనికి కృత్రిమ మేధ అవసరం లేదు. ఫైలు పేరునీ టైపు చేసిన మాటనీ ఒకే రకంగా తగ్గించండి: జంట అక్షరాలను ఒకటి చేయండి, హల్లు తర్వాత వచ్చే హెచ్ తీసేయండి, దీర్ఘాలను హ్రస్వం చేయండి, వీ, డబ్ల్యూలను ఒకటిగా చూడండి. మిగిలిన వరసలను పోల్చండి. కొన్ని అనవసరపు పాటలు కూడా ఫలితాల్లో వస్తాయి, రానివ్వండి. కావాల్సింది రాకపోవడంకంటే అది నయం.

అండమాన్ పిల్లలకు ఇంకో అవసరం ఉంది. హిందీ, ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకు తెలుగు మాట వచ్చు, లిపి రాదు. వాళ్ల కోసం తెలుగు పేరును దేవనాగరిలో చూపే వీలు పెట్టండి. ఇది చాలా తేలిక. యూనికోడ్‌లో భారతీయ లిపులు ఒకే వరసలో పేర్చి ఉన్నాయి. తెలుగు "క" సంఖ్యలోంచి 768 తీసేస్తే దేవనాగరి "క", 640 తీసేస్తే బెంగాలీ "క". హ్రస్వమైన ఎ, ఒలను హిందీ వాళ్లు చదివే ఏ, ఓలకు మార్చాలి, అరుదైన అక్షరాలు రెండు మూడు విడిగా చూసుకోవాలి. తమిళంలో కొన్ని హల్లులే లేవు కాబట్టి అక్కడ ఈ లెక్క సాగదు. దేవనాగరికి మాత్రం మిగతాదంతా ఒక తీసివేత.

"మీ భాష ఎంచుకోండి" అని అడగకండి

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 28 మంది మాతృభాష బెంగాలీ, 15 మందిది తమిళం, 13 మందిది తెలుగు. వీధిలో అందరినీ కలిపేది హిందీ. ఒకే ఇంట్లో, ఒకే కార్డులో అన్ని భాషల పాటలూ ఉంటాయి. ఒక భాష ఎంచుకోమంటే మిగతా పాటల్ని పరాయివి చేసినట్టే.

స్క్రీన్లు ఆఖరికి

ముందు కట్టాల్సింది కనపడని భాగం. పాట మధ్యలో ఫోన్ వస్తే ఆగాలి, మాట అయిపోయాక అక్కడే మొదలవ్వాలి. మ్యాపు దారి చెబుతుంటే గొంతు తగ్గించాలి, ఆగిపోకూడదు. ఇంకో యాప్ వీడియో మొదలుపెడితే పూర్తిగా తప్పుకోవాలి, తర్వాత తనంతట తాను మళ్లీ పాడకూడదు. ఆండ్రాయిడ్‌లో దీన్ని ఆడియో ఫోకస్ అంటారు. ఇయర్‌ఫోన్ తీగ ఊడినప్పుడు వ్యవస్థ ఒక హెచ్చరిక పంపుతుంది. దాన్ని వినని యాప్ ఓడ బంకుల్లో అర్ధరాత్రి అందరినీ లేపుతుంది. స్క్రీన్ ఆరిపోయాక కూడా పాట సాగాలంటే ఫోర్‌గ్రౌండ్ సర్వీసు, నోటిఫికేషన్‌లో బటన్లు ఉండాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఆ సర్వీసు మీడియా ప్లేబ్యాక్ రకమని ముందే ప్రకటించాలి. ఇవన్నీ నల్లటి ఖాళీ స్క్రీన్ మీద, ఒకే ఒక్క బటన్‌తో పరీక్షించండి. ఇక్కడ గట్టిపడ్డాక రంగుల గురించి ఆలోచించవచ్చు.

రంగుల దగ్గరికొచ్చినా ఎక్కువ చేయకండి. ఆల్బమ్ బొమ్మకు సగం స్క్రీన్ ఇచ్చి, నొక్కాల్సిన బటన్‌ను చిన్నది చేస్తారు. మన ఫైళ్లలో ఆ బొమ్మే ఉండదు, ఉన్నా సైటు ముద్రే. ఆ చోటంతా బటన్‌కు, పాట పేరుకు, రచయిత పేరుకు ఇవ్వండి. తడి వేలికి టచ్‌స్క్రీన్ సరిగా పలకదు, కాబట్టి ఇయర్‌ఫోన్ బటన్ ఒకసారి నొక్కితే ఆగడం, రెండుసార్లకు తర్వాతి పాట, మూడుసార్లకు వెనకటి పాట తప్పనిసరి. చేపలు ఏరుతున్న మనిషి జేబులోంచి ఫోన్ తీయక్కర్లేకుండా పాట మార్చుకోగలగాలి.

పావుగంట దాటిన ప్రతి ఫైలూ ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. హరికథ, బుర్రకథ, ప్రవచనం, ఘంటసాల భగవద్గీత వంటివి ఒకే విడతలో పూర్తికావు.

ఈక్వలైజర్ వద్దు, ధ్వని సమానం చేయండి

పది మీటలున్న ఈక్వలైజర్ అందరూ అడుగుతారు, ఒకసారి కదిపి మర్చిపోతారు. నిజంగా బాధపెట్టేది వేరే. 1951 నాటి "పాతాళభైరవి" పాట సన్నగా వినపడుతుంది. దాని వెంటనే కొత్త సినిమా పాట వస్తే చెవులు చిల్లులు పడతాయి. కొత్త పాటలను గరిష్ఠ స్థాయికి నొక్కి తయారుచేస్తారు కాబట్టి ఇలా జరుగుతుంది. ప్రతి పాట సగటు ధ్వనిని ఒకసారి కొలిచి ఫైలు పక్కన రాసుకోండి, వినిపించేటప్పుడు ఆ మేరకు పెంచడమో తగ్గించడమో చేయండి. రీప్లేగెయిన్ అనే పద్ధతి 2001 నుంచీ ఉంది, యూరోపు ప్రసార సంస్థల ఆర్128 ప్రమాణం 2010లో వచ్చింది. ఛార్జింగులో ఉన్న రాత్రిపూట కొలత పూర్తిచేయండి. పెద్దవాళ్లు మీకు దండం పెడతారు.

ఇక మొదట్లో చెప్పిన మూడో మాట: సిఫార్సులు పెట్టకండి. ఇష్టాలను లెక్కించకండి. వరస అయిపోతే ఊరుకోండి, ఇంకో పాట తెచ్చి పెట్టకండి.

పాత ఫోన్‌ను చంపకండి

కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లకే చేయండి, పని తగ్గుతుంది అని చెబుతారు. ఆ మాట వినకండి. పోర్ట్ బ్లెయిర్ చెత్త వచ్చి చేరేది బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డుకు. పనికిరాదని పారేసిన ప్రతి వస్తువుకూ ఒక చిరునామా ఉంటుందని ఈ ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దీవిలో పారేయడానికి వేరే చోటు ఉండదు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 ఉన్న ఫోన్‌లోనూ మీ యాప్ నడవాలి. ఆ ఫోన్ వాట్సాప్‌కు పనికిరాకపోవచ్చు, బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు, పాట పలికించడానికి అందులో ఉన్న శక్తి ఎక్కువే. వంటింట్లో గోడకు తగిలించిన పాత ఫోన్ పాటల పెట్టెగా ఇంకా అయిదేళ్లు బతుకుతుంది. యాప్ పరిమాణం పది మెగాబైట్లు దాటనీయకండి. నెల నెలా అప్‌డేట్లు వదలకండి. తప్పు ఉంటే దిద్దండి, లేకపోతే కదిలించకండి.

ప్లే స్టోర్లో పెట్టాలంటే ఒకసారి కట్టే రుసుము 25 డాలర్లు. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు విడుదలకు ముందు కనీసం 12 మందితో 14 రోజులు పరీక్షించాలి. ఆ పన్నెండు మందిని సాఫ్ట్‌వేర్ స్నేహితుల్లోంచి తీసుకోకండి. చేపల మార్కెట్లో అమ్మే అక్క, ఆటో అన్న, మెషిన్ ముందు రోజంతా కూర్చునే టైలరు, బడికెళ్లే పిల్ల, చూపు మందగించిన తాతయ్య, ఇలాంటివారిని అడగండి. ఫారాలు పంపకండి. పక్కన కూర్చుని, వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతోందో చూడండి.

రికార్డు బటన్ పెట్టండి

ఇది వినగానే "ప్లేయర్‌కు రికార్డరుతో ఏం పని" అంటారు. టేప్‌రికార్డర్ల కాలంలో ఆ రెండూ ఒకే పెట్టెలో ఉండేవి. ఆ పెట్టెలు పోయాక పాట వినడమే మిగిలింది, దాచడం పోయింది.

ఈ దీవులకు వచ్చిన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర మూలాలున్నవారు. జముకుల కథ, తప్పెటగుళ్లు, దంపుడు పాటలు, పెళ్లి పాటలు, వల లాగేటప్పటి పాటలు వాళ్ల నోట వచ్చాయి. అవి స్ట్రీమింగ్ యాపుల్లో అంతగా దొరకవు, సిఫార్సు యంత్రాలు వాటిని అంతగా సూచించవు. పాడేవాళ్లకు వయసు మీద పడింది. వాళ్ల మనవలకు హిందీ పాటలొచ్చు.

బటన్ ఎలా ఉండాలో కూడా చెబుతాను. మైకు అనుమతి ఆ బటన్ నొక్కినప్పుడే అడగండి. ఎం4ఏ రూపంలో రికార్డు చేయకండి, దాని విషయసూచిక ఆఖర్న రాస్తారు కాబట్టి మధ్యలో బ్యాటరీ పోతే మొత్తం ఫైలు తెరుచుకోదు. ఏడీటీఎస్ రూపంలో ఏఏసీ రాయండి, పాట ఎక్కడిదాకా పాడారో అక్కడిదాకా మిగులుతుంది. 64 కిలోబిట్లు, ఒకే ఛానెల్ చాలు, గంటకు 29 మెగాబైట్లు. ఫోన్లు మాటను శుభ్రం చేయాలని తప్పెట మోతను, శ్రుతిని చప్పుడు కింద లెక్కగట్టి తుడిచేస్తాయి. వీలున్న ఫోన్లలో ఆ శుద్ధి లేని మైకు మార్గాన్ని ఎంచుకోండి, ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ ఏర్పాటు ఉంది. రికార్డు ఆగగానే మూడే అడగండి: ఎవరు పాడారు, ఏ ఊరివారు, ఈ పాట ఎప్పుడు పాడతారు. జవాబు టైపు చేయలేకపోతే నోటితో చెప్పనివ్వండి. ఆ ఫైలు ఘంటసాల పాటల పక్కనే, అదే జాబితాలో, అదే అక్షరాల పరిమాణంలో కనపడాలి.

మిగతా సలహాలు నచ్చకపోతే పక్కన పెట్టండి. ఈ బటన్ లేకుండా మాత్రం మీ యాప్‌ను విడుదల చేయకండి. అది తయారయ్యేదాకా ఆగకుండా, ఫోన్లో ఇప్పుడున్న రికార్డరుతోనే ఈ ఆదివారం మీ ఇంటి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక పాట పాడించుకోండి.